హోలిస్ గారి ముక్కుల డబ్బా

మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి ఛాయాదేవి వెనక కంచె గేటు తీసుకుని ఆ తెల్ల ముసలాయన ఇంటికి వెళ్తోందనీ, వెళ్తే గంటన్నరకి గాని ఇవతలికి రావడం లేదనీ, వచ్చీ రాగానే తలస్నానం చేస్తోందనీ రెండిళ్ళ అవతలి శ్రీవిద్య చెప్పిందట. చెప్పిందని పక్కింటి విజయశ్రీ చెప్పింది. శ్రీవిద్యని అడిగితే తను అన్నది ఇంతే అంది: "ఛాయక్క గేటు దాటి పోతుంటే రెండు మూడుసార్లు చూసిన. మెయిల్‌బాక్సుల కాడ కనపడితే తల తడిగుండె. గంతే నేనన్నది." మిగతా గంటన్నర విజయశ్రీ సొంతంగా కలిపింది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళోని ఆ కాలనీలో నూట నలభై ఇళ్ళుంటే యాభై దాకా తెలుగువాళ్ళవే. మాట ఒక గరాజ్ నుంచి ఇంకో గరాజ్‌కి నడవడానికి ఒక వీకెండ్ చాలు. ఆదివారం పొద్దున బ్యాడ్మింటన్ కోర్టులో విజయశ్రీ భర్త రాఘవులు చెమట తుడుచుకుంటూ, "మీ ఆవిడ సీనియర్ సిటిజన్ల సేవ మొదలెట్టిందట గదా బాసూ" అన్నాడు. ఆ మాట విన్నాక ఛాయాదేవి భర్త శ్యామ్‌సుందర్ వరసగా మూడు సర్వీసులు నెట్‌కి కొట్టాడు.

భోజనాల దగ్గర కూతురు వేద ఫోన్‌లో తల దూర్చి ఉందని చూసుకుని, మెల్లగా అడిగాడు.

"ఆ వెనకింటాయనతో గంటలు గంటలు ఏం మాట్లాడతావ్ ఛాయా?"

"ముక్కుల గురించి."

"దేని గురించి?"

"ముక్కులండీ. మొహం మీద ఉంటాయే, అవి."

వేద తలెత్తింది. "అమ్మా, దట్స్ సో రాండమ్."

"నిజమే. మొన్న శుక్రవారానికి నూట పన్నెండయ్యాయి. అన్నీ పాత ఇంగ్లీషు మాటలే. నీకు ఒక్కటీ తెలియదు."

శ్యామ్‌సుందర్ కాసేపు భార్య మొహం చూసి పెరుగు కలుపుకున్నాడు. అబద్ధం చెప్పేవాళ్ళు ఇంతకంటే నమ్మదగింది చెప్తారు గదా అనిపించి ఊరుకున్నాడు. ఛాయాదేవి చెప్పింది నిజమే. కాకపోతే సగం నిజం. రెండో సగం ఎండు చేపలు.

ఆమెది నిజాంపట్నం దగ్గర ఊరు. అక్కడ గాలే ఎండు చేపల వాసన వేస్తుంది. దాన్ని జనం కంపు అంటారని ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి బయటికొచ్చాకే తెలుస్తుంది. బాపట్లలో బి.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ చదివింది. క్యారీకి వచ్చిన ఆరేళ్ళలో ఆ చదువు కాలనీ సంఘం పంపే ఉత్తరాలు చదవడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు. నెలకోసారైనా ఎండు నెత్తళ్ళ వేపుడు తినకపోతే ఆమెకి నాలుక చచ్చినట్టుంటుంది. ఇంట్లో మాత్రం వండటానికి లేదు.

"తినడానికి నాకేం అభ్యంతరం లేదు. వండితేనే," అనేవాడు శ్యామ్‌సుందర్. "కోటుకి పట్టేస్తుంది. ఆఫీస్‌లో నేను లిఫ్ట్ ఎక్కితే ఎక్కినవాళ్ళు దిగిపోతున్నారు."

"నా జాకెట్ కూడా. లిటరల్లీ ఫిష్," అనేది వేద.

అందుకని మొన్న మార్చిలో కరెంటు పొయ్యిని వెనక వరండాలో పెట్టి వేయించింది. పదిరోజుల్లో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఇంటి నుంచి ఎండు చేపల వాసన వస్తోందని ఫిర్యాదు అందింది, మానుకోగలరు అని. ఛాయాదేవి దాన్ని రెండుసార్లు చదివింది. తెల్లవాళ్ళకైతే అది చచ్చిన ఎలుకో, పగిలిన డ్రైనేజీ గొట్టమో అనిపించాలి. ఎండు చేపని అంత కచ్చితంగా ఎలా తెలుస్తుంది? రాసినవాళ్ళు ఆ వాసన పుట్టినప్పటినుంచీ ఎరిగిన వాళ్ళే అయుండాలి. ఎవరని ఎవరితోనూ అనలేదు. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, మిగిలిన పిడికెడు నెత్తళ్ళూ ఆఖరుసారి అని వేయించేసింది.

అటూ ఇటూ ఇళ్ళలో కిటికీలు దబదబా మూసుకున్నాయి. కంచె అవతల పాత ఇటుకల ఇంట్లో మాత్రం మూసుకోలేదు. అక్కడ వరండాలో కుర్చీ వేసుకుని చదువుకుంటున్న ముసలాయన లేచి కంచె దాకా వచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ముక్కు మధ్యలో విరిగి ఎడమకి తిరిగి ఉంటుంది. మొహం ఒక దారిన పోతుంటే ముక్కు ఇంకో దారి పట్టినట్టుంటుంది.

"ఏం వండుతున్నారు?" అన్నాడు ఇంగ్లీషులో.

"చేపలు సర్. ఎండు చేపలు. సారీ, వాసన వస్తోంది, అయిపోయింది, ఇదే ఆఖరు..."

"వాసన సంగతి అలా ఉంచండి. చప్పుడు బాగుంది. నాకు నాలుగు పెడతారా?"

నాలుగు పెట్టింది. నిలబడే తిన్నాడు. పళ్ళెం పట్టుకుని మళ్ళీ నాలుగు అడిగాడు. "ఎంత బాగా కరకరలాడుతున్నాయి!" అన్నాడు. ఆరేళ్ళలో తన ఊరి తిండి చూసి ముక్కు చిట్లించని మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే కనిపించేసరికి ఛాయాదేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ ఘాటు అని చెప్పి తుడుచుకుంది.

ఆయన పేరు హోలిస్. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్ళు. కూతురు మార్గీ నాలుగు గంటల దూరంలో హెర్న్‌డన్‌లో ఉంటుంది. ఉత్తరం సంగతి విని ఆయన నవ్వాడు. "మీ కాలనీ పుట్టకముందు నుంచీ ఈ ఇల్లుంది. నాకు ఉత్తరాలు రాసే సంఘం లేదు. మా ఆవిడ గ్యాస్ పొయ్యి ఊరికే పడుంది. మీ మూకుడు తెచ్చుకుని ఇక్కడ వండుకోండి మిస్ ఛాయా."

అలా మొదలైంది. మంగళవారం, శుక్రవారం. శ్యామ్‌సుందర్ ఆఫీస్‌కీ, వేద స్కూల్‌కీ వెళ్ళాక మూకుడుతో వెళ్ళేది. నెత్తళ్ళ వేపుడు, ఎండు రొయ్యలూ వంకాయ పులుసు. ఇద్దరూ కూర్చుని తినేవాళ్ళు. ఇంటికి రాగానే వాసన పోవడానికి తలస్నానం. విజయశ్రీకి అందిన తడి జుట్టు కథ ఇదీ.

ఇక ముక్కుల సంగతి. హోలిస్ గారు పంతొమ్మిదో ఏట సైన్యంలో బాక్సింగ్ ఆడి ముక్కు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో పడుకుని పాత బాక్సింగ్ రాతలు చదువుతుంటే ముక్కుని ముక్కు అన్నవాడు ఒక్కడూ కనిపించలేదట. ఒకడు కాంక్ అంటాడు, ఒకడు స్మెల్లర్, అంటే వాసన చూసేది అంటాడు, ఇంకొకడు స్నీజర్, అంటే తుమ్మేది. అప్పటినుంచి ముక్కు మీద ఉన్న పాత మాట ఎక్కడ దొరికితే అక్కడ చిన్న అట్టముక్క మీద రాసి షూ డబ్బాలో వేస్తున్నాడు. అరవై ఏళ్ళుగా నాలుగు డబ్బాలు నిండాయి. పుస్తకం వేస్తానని మొదట్లో అనేవాడు. ఇప్పుడు అనడం మానేశాడు, రాయడం మానలేదు.

ఛాయాదేవి చేపల తలలు తుంచుతుంటే ఆయన అట్టలు తీసి చదివేవాడు.

"బోస్‌ప్రిట్. ఓడ ముందు పొడుచుకొచ్చే దూలం. నావికులు పెద్ద ముక్కువాణ్ణి ఇలా అనేవాళ్ళు."

"మా వైపు కోటేరు ముక్కు అంటారు. నాగలికి ఉంటుంది కోటేరు. మెచ్చుకోలుగానే అంటారు."

"ఓడా, నాగలీ!" ఆయన కళ్ళు మెరిసేవి. "ఎవరికి చేతిలో ఉన్నది వాళ్ళు మొహానికి తగిలించుకున్నారు. ఇది వినండి. గ్రోగ్ బ్లాసమ్. తాగి తాగి ముక్కు మీద ఎర్రగా పూసే పువ్వు."

"అది మా మావయ్యకి ఉండేది. పేరు లేదు గాని పువ్వు ఉండేది."

"నోస్‌థర్ల్. థర్ల్ అంటే బొక్క. అదే అరిగి అరిగి ఇప్పటి నాస్ట్రిల్ అయింది."

"మేం ఇప్పటికీ ముక్కు బొక్క అనే అంటాం. అరగనివ్వలేదు."

ఆయన పగలబడి నవ్వేవాడు. ఐదో డబ్బా తెలుగు ముక్కులకని కొత్తగా పెట్టాడు. ముక్కుసూటి మనిషి, ముక్కు మీద కోపం, ముక్కు పిండి వసూలు చేయడం, ముక్కున వేలేసుకోవడం, ముక్కూ మొహం తెలియనివాడు. ఛాయాదేవి ఒక్కోటి విడమరిచి చెప్పేది, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. "ముక్కుపచ్చలారని" దగ్గర రెండు శుక్రవారాలు పట్టింది. పసిపిల్లల ముక్కు మీద పచ్చదనం ఏమిటని ఆయన, తనకీ తెలియదని ఈమె. బి.ఏ.లో ఆమెని ఎవరూ ఇన్ని ప్రశ్నలు వేయలేదు. ఆమె చెప్పేదాన్ని కలం పట్టుకుని ఎవరూ రాసుకోలేదు.

శ్యామ్‌సుందర్ అడిగిన తర్వాతి శుక్రవారం ఆమె ఎండు రొయ్యల పొట్లంతో వెనక తలుపు తీసింది. తీయగానే అడుగు ఆగిపోయింది. ఊళ్ళో సిలిండర్ లీకైతే వచ్చే వాసనే. దేశం మారినా అది మారలేదు. పొయ్యి మీద టీ నీళ్ళు పొంగి మంటని ఆర్పేశాయి. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. పొయ్యికి ఐదడుగుల దూరంలో హోలిస్ గారు బల్ల దగ్గర కూర్చుని, రేడియో వింటూ, నింపాదిగా అట్ట మీద ఏదో రాసుకుంటున్నాడు.

"వచ్చారా మిస్ ఛాయా! ఇవాళ ఒక మంచి మాట..."

ఆమె వినలేదు. మరతిప్పి కట్టేసింది. లైటు వేయబోతున్న ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, రెక్క పట్టుకుని ఆయన్ని వరండాలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మీకు తెలియలేదా? ఇల్లంతా గ్యాస్! అంత దగ్గర కూర్చుని మీకు తెలియలేదా?"

ఆయన తన బూట్లకేసి చూసుకున్నాడు.

"నాలుగేళ్ళ కింద చలికాలంలో జ్వరం వచ్చింది," అన్నాడు. "జ్వరం పోయింది. దాంతో పోయిన వాసన తిరిగి రాలేదు."

"ఏ వాసన?"

"ఏదైనా. కాఫీ లేదు. వాన లేదు. మా ఆవిడ స్వెటర్ ఒకటి దాచుకున్నాను, అదీ లేదు."

ఛాయాదేవి చేతిలోని రొయ్యల పొట్లం కేసి చూసుకుంది. తర్వాత అడిగిన మాట ఆమెకే చిన్నతనంగా వినిపించింది.

"మరి నా చేపలు?"

"కరకరలాడతాయి. ఉప్పు తెలుస్తుంది, కారం మండుతుంది. నేనెప్పుడైనా వాసన బాగుందని అన్నానా? గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తెచ్చుకుంది. ఏడు నెలల్లో ఒక్కసారీ అనలేదు. తన ఊరిని, తన ఊరి గాలిని మెచ్చుకున్న మహానుభావుడని తనే అనుకుంది. ఆయనకి వాసనే రాదు. వాసన రానివాడికి ఎండు చేపైనా మల్లెపువ్వైనా ఒకటే. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది.

"మార్గీకి చెప్పకండి," అన్నాడాయన. "వాళ్ళ వీధి చివర ముసలివాళ్ళ హోమ్ ఉంది. గది చూసి పెట్టింది. తను చెడ్డది కాదు, నా గురించి భయపడుతుంది. ఒక్క కారణం దొరికితే చాలు, వారంలో ఈ ఇల్లు తాళం పడుతుంది. ఈ ఇంట్లో నాకు కళ్ళు మూసుకుని నడవడం వచ్చు. ఆ గదిలో ఈ డబ్బాలకే చోటుండదు."

"ఇవాళ నేను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చుంటే?"

ఆయన చొక్కా జేబులోంచి ఇందాక రాసుకున్న అట్ట తీశాడు. "ఇవాళ్టి మాట ఇది. రెండువందల ఏళ్ళ కింద లండన్ దొంగల భాషలో, పోలీసులకి ఉప్పందించేవాణ్ణి నోస్ అనేవాళ్ళు. ముక్కు అని."

"అది దొంగలు పెట్టిన పేరు," అంది ఛాయాదేవి. "దొంగలకి అలాగే ఉంటుంది మరి."

ఆయన అంత దిగులులోనూ నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

"చూడండి హోలిస్ గారూ. నేనుగా వెళ్ళి మీ అమ్మాయికి చెప్పను. ఎదురుగా నిలబెట్టి అడిగితే అబద్ధం ఆడను. నా మాట ఇంతే. అసలు మీ ఇంట్లో అలారం లేదా?"

ఆయన లోపలికి వేలు చూపించాడు. స్పూన్ల సొరుగులో ఉంది. పొగకీ గ్యాస్‌కీ కలిపి మోగే గుండ్రటి డబ్బా. బ్యాటరీలు తీసేసి ఉన్నాయి.

"మార్గీ బిగించింది. మీరు మొదటిరోజు ఇక్కడ వేయించినప్పుడు మూడుసార్లు మోగింది. మీరు బెదిరిపోయి, మూకుడు దించేసి, ఇంక రానన్నారు. అందుకని తీసేశాను."

అవును, తీశాడు, ఆ సంగతే ఆమె మర్చిపోయింది. స్టూలెక్కి తీస్తుంటే ఆ స్టూలు పట్టుకున్నది తనే. వాసన తెలియక తనని భరించాడని ఈ పావుగంటా కోపంగా ఉన్న మనిషి, ఆ డబ్బా చేతిలోకి తీసుకుని కొత్త బ్యాటరీలు ఎక్కడున్నాయని అడిగింది.

ఆ రోజే వాటిని వేసి అలారం పైకి బిగించింది. అది మోగుతుందని అక్కడ వేయించడం మానేసింది. ఫ్రిజ్ తెరిచి చూస్తే ఎప్పటిదో కోడికూర, పులిసిన పాలు. ఆయన వాటినీ తింటున్నాడు, తాగుతున్నాడు. అన్నీ పారబోసి, కొత్తవాటి మీద కాగితపు టేపు అంటించి, ఏ తారీఖున పారేయాలో పెద్ద అక్షరాలతో రాసింది. మర్నాటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి పొయ్యి దగ్గర గాలి పీల్చి, ఫ్రిజ్ చూసి వచ్చేది. రోజుకి రెండుసార్లయిందట అని విజయశ్రీ కొత్త కబురు అందరికీ చేరవేసింది.

మరుసటి వారం శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్తూ కార్‌లో ఛాయాదేవి భర్తకి మొత్తం చెప్పింది. అతను సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు పడ్డా కదల్లేదు. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

"అంటే ఏడు నెలలుగా అక్కడ నెత్తళ్ళు వేయించుకు తింటున్నావా? నాకు ఒక్కటి పెట్టకుండా?"

"లిఫ్ట్‌లో జనం దిగిపోతారుగా."

"అది సరేలే." కార్ కదిలింది. "ఛాయా, ఇది మనకి వద్దు. రేపు ఏదన్నా అయితే, తెలిసీ చెప్పలేదని మన మీద స్యూ చేస్తారు. లయబిలిటీ అంటారు ఇక్కడ. ఆ అమ్మాయి నంబర్ తీసుకో, ఫోన్ చేసి చెప్పేయ్. మన పని అయిపోతుంది."

"పని అయిపోతుంది. ఆయన ఇల్లు కూడా అయిపోతుంది."

"ఇల్లు పోతే ప్రాణం దక్కుతుంది కదా."

"అదే రోజూ ఆలోచిస్తున్నానండీ. ఆయన ప్రాణం ఎక్కడుందో నాకు తెలియడం లేదు. ఒళ్ళో ఉందో, ఆ వంటింట్లో బల్ల దగ్గరే ఉందో."

శ్యామ్‌సుందర్‌కి భార్య ఇలా మాట్లాడటం కొత్త. స్టోర్‌లో అతనే వెతికి నెత్తళ్ళ ప్యాకెట్లు రెండు బుట్టలో వేశాడు.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్‌కి ముందు ఆదివారం మధ్యాహ్నం మార్గీ వచ్చింది. యాభై ఐదు దాటిన మనిషి, పొట్టి జుట్టు, నాలుగు గంటలు డ్రైవ్ చేసి వచ్చిన అలసట. తండ్రి ఎవరి వంట గురించి ఫోన్‌లో అన్నిసార్లు చెప్పాడో చూడాలని తనే కంచె గేటు తీసుకుని వచ్చి భార్యాభర్తలిద్దర్నీ కాఫీకి పిలిచింది. శ్యామ్‌సుందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పక్కింటి మేడ మీంచి విజయశ్రీ చూస్తే చూడనీ అని కంచె గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు కూడా.

నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. హోలిస్ గారు హుషారుగా ఐదో డబ్బా తెరిచి కూతురికి కోటేరు ముక్కు గురించి చెప్పాడు. మార్గీ నవ్వుతూ వింటూ, పాల కోసం లేచి ఫ్రిజ్ తెరిచింది. తెరిచి అలాగే నిలబడిపోయింది. పాలసీసా మీద టేపు. చికెన్ డబ్బా మీద టేపు. వెన్న మీద, గుడ్ల మీద, సూపు గిన్నె మీద, అన్నిటి మీదా తారీఖులు.

"ఇవెవరు రాశారు?"

"మిస్ ఛాయా," అన్నాడు తండ్రి. "చాలా పద్ధతి మనిషి."

మార్గీ పాలసీసా చేత్తో పట్టుకునే ఛాయాదేవి వైపు తిరిగింది. "పాలు విరిగాయో లేదో వాసన చూస్తే తెలుస్తుంది కదా. తారీఖులు ఎందుకు?"

హోలిస్ గారు అట్టముక్కల అంచులు సరిచేస్తూ ఉండిపోయాడు. తల ఎత్తలేదు. శ్యామ్‌సుందర్ బల్ల కింద భార్య కాలిని తన కాలితో తట్టాడు. చెప్పమనో, వద్దనో అతనికే తెలియదు.

"ఆయనకి వాసన రాదు," అంది ఛాయాదేవి. "నాలుగేళ్ళుగా."

తర్వాత గ్యాస్ సంగతి చెప్పింది. అలారం ఎందుకు ఊడిందో చెప్పింది, స్టూలు తను పట్టుకున్నానని కూడా దాచలేదు. మార్గీ అరుస్తుందనుకుంది. మార్గీ అరవలేదు. ఫ్రిజ్ తలుపు మూసి, కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది.

"అమ్మ స్వెటర్ నాకిమ్మంటే ఇవ్వలేదు నువ్వు. దాని వాసన ఇంకా ఉందన్నావు."

"ఉందేమో," అన్నాడాయన. "నీకు తెలియాలి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు తండ్రి చేయి పట్టుకుని కూర్చుంది. "నాన్నా, జనవరికి ఆ గది ఖాళీ అవుతుంది. డబ్బాలన్నీ తెచ్చుకో. నేను రోజూ వస్తాను, రెండే నిమిషాల నడక."

"ఇక్కడ నాకు కుర్చీ ఎక్కడుందో తెలుసు," అన్నాడాయన. "పొద్దున్నే ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో తెలుసు. ముక్కు పోయిందని ఇల్లు కూడా పోవాలా?"

ఆయన కూతురి చేతిలోంచి తన చేయి తీసేసుకున్నాడు. ఛాయాదేవి ముందుగా ఆలోచించుకున్న మాట కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నేను చూసుకుంటాను. ఇప్పుడూ రోజూ రెండు పూటలా వస్తూనే ఉన్నాను. పొయ్యి చూస్తాను, ఫ్రిజ్ చూస్తాను. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. ఆయనకి అది చాలు."

మార్గీ ఆశ్చర్యంగా చూసింది. హోలిస్ గారు తల ఎత్తాడు. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, గొంతు సవరించుకుని శ్యామ్‌సుందర్ అందుకున్నాడు.

"నేనూ ఆఫీస్‌కి వెళ్ళేముందు ఒకసారి చూసి వెళ్తాను. గ్యాస్ పొయ్యి తీయించి కరెంటు పొయ్యి పెట్టిద్దాం. అలారం మోగితే మా ఇద్దరి ఫోన్లకీ, మీ ఫోన్‌కీ మెసేజ్ వచ్చేలా నేను సెట్ చేస్తాను. అదేం పెద్ద పని కాదు."

వంటింట్లో కాస్త గాలి ఆడినట్టయింది. హోలిస్ గారు అట్టముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మార్గీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో వెటకారం లేదు, కోపం లేదు. లెక్క తేలనివాళ్ళు మళ్ళీ మొదటినుంచీ కూడుకునేటప్పుడు ఉండే ఓపిక ఉంది.

"మీరు మంచివాళ్ళు," అంది. "మా ఆఫీస్‌లో నా పక్క సీట్లో మీ దేశం అతనే ఒకతను ఉండేవాడు. మంచివాడు. మా అమ్మ పోయినప్పుడు వారం రోజులు నాకు భోజనం తెచ్చిపెట్టాడు. అతని ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరకలేదు. ఇల్లు, కార్, పిల్లల స్కూలు అన్నీ వదిలేసి వెళ్ళిపోయాడు. అరవై రోజులు దాటితే ఈ దేశంలో ఉండనివ్వని వీసా అన్నాడు. మీదీ అదే వీసానా?"

శ్యామ్‌సుందర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఛాయాదేవి అతని వైపు చూసింది, అతను కిటికీ వైపు చూశాడు. తన మాట వాళ్ళకి వినపడలేదేమో అని మార్గీ ఈసారి ఇంకాస్త నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"రేపు మీ ఉద్యోగం పోతే, అరవయ్యొకటో రోజున మా నాన్న ఇంట్లో వాసన ఎవరు చూస్తారు?"